మోరిస్ బండి నాలుగో కప్పు

ముందు వైపు చూడొద్దు.
ముందు వైపు ఎవరైనా మెరుస్తారు.
బోర్లించు.

సిలార్ సాయిబు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే,
స్టోన్‌హౌస్‌పేటలో, రేకుల కొట్టంలో,
చెవి మీద బీడీ, తొడ మీద వీల్ కప్పు పెట్టుకుని.
"క్రోము అబద్ధమాడుద్దిరా అబ్బయ్యా.
కొత్తది నీలంగా నవ్వుద్ది.
పాతది ఎండాకాలం పెన్నలో నీళ్ల మాదిరి,
అడుగున ఇసక పసుపు కనపడాల."

తర్వాత అయస్కాంతం.
అంటుకుంటే ఇనుము, నిన్నటి సరుకు.
జారిపడితే ఇత్తడి.
అప్పుడు గోటితో కొట్టి వినాల.
గంటలాగా మోగిందంటే నమ్మొద్దు.
అసలుది, అన్నం తిన్న కంచం
పక్కకి జరిపిన చప్పుడు చేస్తది.

అంచు తడిమితే ఒకచోట సొట్టలుంటాయి,
స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన చోట,
ప్రతి పంచరుకీ అదే చోట.
మనిషి చెయ్యి అలవాటు మార్చుకోదు.
సొట్టల్లేని కప్పు
రోడ్డెక్కని కప్పు.

ఇదంతా నాకు నోటికొచ్చని తెలిసే
ఒంగోలు నించి ఎక్స్‌రేల డాక్టరు
గోనెసంచిలో నాలుగు కప్పులు తెచ్చి
నా బల్ల మీద పరిచాడు మొన్న.
మోరిస్ ఎయిట్, ముప్పై ఏడో మోడలు,
సైదాపురం అబ్రకం గనుల వాళ్ల బండి.
వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడతా ఉంటే దొరికిందంట.
"నాలుగూ ఒరిజినలేనా? రేటు దాన్ని బట్టే."

ఒకటి బోర్లించాను.
గ్రీజు తారు కట్టింది. ఆ తారులో
అబ్రకం పొరలు, చేప పొలుసుల్లాగా.
గని దారి దుమ్ము.
దీనికి దొంగసరుకు ఎవడూ చెయ్యలేడు.
రెండు. మూడు. అదే తారు, అదే మెరుపు.

నాలుగోది అన్ని పరీక్షలూ నెగ్గింది.
అయస్కాంతం జారింది. కంచం చప్పుడు వచ్చింది.
సొట్టలు సొట్టల చోట ఉన్నాయి, అబ్రకమూ ఉంది.
నడుమ ఎమ్ అక్షరానికి మాత్రం
ఎడంకాలు కాస్త పొట్టి.

కిరసనాయిలు గుడ్డతో తారు తుడిచాను.
చుక్కలు.
ములుకుతో కొట్టిన చుక్కలు, తెలుగులో.
వెంగ
ఆ తర్వాత కత్తెర వేటు.

డెబ్భై నాలుగు. వాన రాత్రి. నాకు పదేళ్లు,
తిత్తి దగ్గర కూర్చున్నా.
కండలేరు వాగు దాటతా ఉంటే కప్పు కొట్టుకుపోయిందని
డ్రైవరు చెంచయ్య వచ్చాడు, చంకలో ఇత్తడి బిందెతో.
తెల్లారేలోపు కావాల. ఓనరు చూడకూడదు.
సాయిబు ఇంకేం అడగలేదు,
"రేపు నీళ్లకి?" అని తప్ప.
"కుండ ఉండాది" అన్నాడు చెంచయ్య.

ఎమ్ ఎడంకాలు పొట్టి చేసింది నేనే.
నిద్ర తూగి ఉలి జారింది.
సాయిబు కొట్టలేదు, తిట్టలేదు,
"రేపటి నించి ఈ బండి ఎప్పుడొచ్చినా
కుడి పక్కే నిలబడు" అన్నాడు.

"ఏంటి ఆగిపోయారు?" డాక్టరు.
"మూడు అసలువి."
"నాలుగోది డూప్లికేటా?"
ఇన్నేళ్లుగా ఈ బల్ల మీద
ఆ ప్రశ్నకి రెండే జవాబులు.
మూడోది సాయిబు చెప్పకుండానే పోయాడు.
"రేటు తగ్గించమనండి" అన్నాను.

పేరున్న చోట బఫింగ్ కొట్టి నున్నగా చెయ్యమన్నాడు.
కరెంటు లేదన్నాను.
తల మీద ఫ్యాను తిరగతా ఉంది.
ఆయన ఒకసారి పైకి చూశాడు,
సంచి కట్టుకుని పోయాడు.

బిందె మెడ పెట్రోలు గరాటు అయింది, గుర్తుంది.
అడుగు, టీ తపేలా మీద మూతగా
చాన్నాళ్లు మా కొట్లోనే ఉండేది.
ఆ మిగిలిన మ్మ ఒక్కటే
యాడుందో.